ఓర్చుకోనక్కర్లేని నొప్పి

తొండియార్‌పేట,
18 జూలై 2025

జననీ,

నిన్ననే మాధవరంలో పుట్టింటి గడప తొక్కావు, ఈరోజే నేను కాగితం తీశాను. నాకు ఆగదని నీకు తెలుసు.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని నవ్వకు. నా చెవికి స్పీకరు పెడితే తప్ప వినపడదు, స్పీకరు పెడితే వీధంతా వింటుంది. ఆ ఫోనులో చిన్న మీటలు నొక్కి తెలుగు రాయడం నా వల్ల కాదు. కాగితమైతే బల్ల మీద బోర్లా కూడా వేయక్కర్లేదు. మన రెండిళ్ళలో అందరూ తెలుగు మాట్లాడేవాళ్ళే గానీ చదివేది నువ్వూ నేనే. మా నాన్న పలకిచ్చి కూర్చోబెడితే నేను నేర్చుకున్నాను, నా తమ్ముడు, అదే మీ నాన్న శివరామ్, గోడ దూకి పారిపోయాడు. వేసవి సెలవుల్లో నీకు నేను నేర్పాను. ఇప్పుడు ఆ పారిపోయినవాడే మనకు పోస్ట్‌మాన్. హార్బరు ఆఫీసుకు రోజూ మా వీధి మీదుగానే పోతాడు కదా, చేతికిస్తే తెచ్చిస్తాడు. కవరు దండగ.

సరే, సంగతికి వస్తాను. పెళ్ళయిన మొదటి ఆడి నెలలో పిల్ల పుట్టింట్లో ఉండాలన్నది మన పద్ధతి. ఆడిలో కలిసుంటే చిత్తిరై ఎండల్లో కాన్పు వస్తుందని పెద్దవాళ్ళు పెట్టిన ఏర్పాటు. ఎక్కడైనా కొత్త జంట ఆడి వస్తోందంటే మొహాలు వేలాడేస్తారు. నువ్వేమిటే, షోళింగనల్లూరు ఫ్లాటు ముందు బడి వదిలిన పిల్లలా ఆటో ఎక్కావు? మా విఘ్నేష్ నీ సంచి పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు, పాపం. నాకు నవ్వాగలేదు. వాడు నా కొడుకే, అయినా నువ్వు ముందు నా తమ్ముడి కూతురివి, ఆ తర్వాతే కోడలివి.

తిని, నిద్రపో. ఆడి ముగిసి ఆవణి నెల పుట్టగానే నిన్ను తెచ్చుకోవడానికి నేనే వస్తాను. వచ్చే ఏటికి నా ఒడిలో ఒకడు ఉండాలి, ఇప్పుడే చెబుతున్నాను. నేను కుట్టగా మిగిలిన రవికెల గుడ్డల్లో మెత్తనివి పక్కన పెట్టడం మొదలుపెట్టాను కూడా.

నీ అత్త,
అలమేలు

—

మాధవరం,
23 జూలై 2025

అత్తా,

నాన్న ఉత్తరం తెచ్చి, "ఏమి రాసిందిమా మీ అత్త, ఇంత పొడుగు?" అని అడిగాడు. మైసూరుపాకు ఎట్ల చేయాలో రాసిందన్నాను. అయితే చెయ్యమని కూర్చున్నాడు. చేశాను, ఇటుకరాయిలా వచ్చింది. ఒక్క మాట అనకుండా తిన్నాడు.

పెళ్ళయ్యాక నిన్ను "మీరు" అనాలని అమ్మ పోరుతోంది. నాకు నోరు తిరగడం లేదు. ఈ ఉత్తరం మాత్రం మేనత్తకే రాస్తున్నాను, అత్తగారికి కాదు. చదివి చించెయ్యి.

నీకు తెలిసినవాళ్ళలో మేనరికం కుదరనివాళ్ళు ఉన్నారా? చిన్నప్పుడు నేనూ బావా ఒకే చాప మీద పడుకొని ఒకరినొకరు తన్నుకున్నవాళ్ళం. అలా కలిసి పెరిగినవాళ్ళకు పెళ్ళి చేస్తే ఒక్కోసారి పొసగదని మా ఆఫీసులో ప్రీతి అంది. మనసు సరేనన్నా ఇంకేదో ఒప్పుకోదట. నిజమేనా? ఎందుకు అడిగావని మాత్రం అడగవద్దు.

ఇంకొకటి. ఆవణి మొదటి రోజే రావాలా? వినాయక చవితి దాకా ఇక్కడే ఉంటాను. ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకోవచ్చన్నారు. కుదిరితే దసరా దాకా కూడా ఉంటాను. బావ తప్పు ఏమీ లేదు. అది ఒక్కటి నమ్ము.

జనని

—

తొండియార్‌పేట,
26 జూలై 2025

జననీ,

"బావ తప్పు ఏమీ లేదు" అని ఎవరైనా రాశారంటే తప్పంతా అక్కడే ఉందని అర్థం. నేను వెర్రిదాన్ని కాను. చదివిన రోజే రెండు బస్సులు మారి షోళింగనల్లూరు పోయాను. చెప్పకుండా పోయాను, చెబితే ఇల్లు సర్దేస్తాడు కదా.

హాల్లో సోఫా మీద దిండు, దుప్పటి. నువ్వు పుట్టింటికి పోయాక వేసిన పక్క కాదది. సోఫా మధ్యలో మనిషి పడుకున్నంత మేర గుంట పడి ఉంది.

"ఏంరా, ఈడ పడుకుంటా ఉండావా?" అన్నాను.

"రూములో ఏసీ ఎక్కువమా."

"తగ్గించేదానికి నీకు చెయ్యి లేదా?"

కాఫీ కలిపి తెచ్చాడు, చక్కెర వేయడం మరిచిపోయాడు. అప్పుడు చెప్పాడు. పూణేలో రెండేళ్ళ పని ఉందట, ఆగస్టు ఎనిమిదో తేదీలోగా అవునో కాదో చెప్పాలట. "సరి అనేద్దామని ఉండా," అన్నాడు. జననిని అడిగినావా అంటే, "నేను ఆడ ఉంటేనే దానికి నిమ్మళంమా. నన్ను చూస్తే దానికి గిట్టదు," అని తల దించుకున్నాడు.

నిజం చెప్పు. వాడి మీద నీకు మనసు లేదా? లేకపోతే పెళ్ళిచూపుల రోజు నోట్లో ఏం పెట్టుకున్నావు? లేదూ, వాడికే ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే ఆ పిల్ల ఎవరో చెప్పు, మిగిలింది నేను చూసుకుంటాను.

మా కుప్పుసామి అన్నయ్యకు కబురు పెట్టాను. మన వంశంలో ఏ తగవైనా ఆయన కూర్చుంటేనే తెగుతుంది. ఆడి పదునెట్టు పండగ రోజున, వచ్చే మూడో తేదీన, మీ ఇంటికి వస్తాడు, విఘ్నేష్‌ని కూడా వెంట తెస్తాడు. నేను రాను. వస్తే నా నోరు ఊరుకోదు.

అలమేలు

—

మాధవరం,
28 జూలై 2025

అత్తా,

పూణే సంగతి నీ ఉత్తరంలో చూసి తెలుసుకున్నాను. రోజూ ఫోనులో "తిన్నావా" అని అడిగే మనిషి ఈ మాట నాకు చెప్పలేదు. నన్ను వదిలించుకోవాలనుకుంటున్నాడని రోజంతా ఏడ్చాను. తర్వాత నేను ఆయనకు చెప్పనిది గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. కుప్పుసామి పెదనాన్నను ఆపు, నీకు దండం పెడతాను.

అత్తా, నాకు నొప్పి. పెళ్ళయిన మొదటి వారం నుంచీ ఉంది. బావ దగ్గరికి వస్తే నాకు ఇష్టంగానే ఉంటుంది. నవ్వుకుంటాం, కబుర్లు చెప్పుకుంటాం, అంతా బాగుంటుంది. అసలు కలయిక దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. పచ్చిపుండు మీద కారం పడ్డట్టు మంట. లోపలికి దారే లేనట్టు ఉంటుంది. పళ్ళు కరుచుకొని ఓర్చుకోవాలని చూశాను, నావల్ల కాలేదు. బావ నా మొహం చూసి ఆగిపోతాడు. ఒక్కసారి కూడా బలవంతపెట్టలేదు. నేను నొప్పి అని చెప్పలేదు. తలనొప్పి అన్నాను, నిద్రొస్తోందన్నాను, రేపు పొద్దున్నే మీటింగు ఉందన్నాను. కొన్నాళ్ళకు ఆయనే దిండు తీసుకొని హాల్లోకి పోయాడు.

అమ్మకు చెప్పాను. "ఆడదానికి ఇదంతా ఉండేదే, ఓర్చుకో. ఒక బిడ్డ పుడితే సరిపోతుంది," అంది. బిడ్డ ఎట్ల పుడుతుందమ్మా అని అడగలేకపోయాను. ఇక మిగిలింది ప్రీతి చెప్పిన మాట. బావను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి నా ఒళ్ళు ఆయన్ను మొగుడని ఒప్పుకోవడం లేదేమో. అదే నిజమైతే దీనికి మందు లేదు, ఆయన పూణే పోవడమే మంచిది. కానీ ఆయన పోతే నేను బతకలేను అత్తా. మనసు లేదా అని అడిగావు. ఉన్నదంతా అక్కడే ఉంది.

జనని

—

తొండియార్‌పేట,
31 జూలై 2025

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. రవికె కోసం వచ్చిన ఆవిడ తలుపు కొట్టి కొట్టి పోయింది. నేను ఎవరెవరినో అనుమానించాను, నా నోరు పడిపోను. అది సరే, ఇప్పుడు చెప్పేది విను. నాకు సంతోషంగా కూడా ఉంది. ఎందుకో చెబుతాను.

మా వీధి చివర ఆడవాళ్ళ డాక్టరు ఉంది, నీహారిక అని. రెండేళ్ళ కింద రాజమండ్రి వైపు నుంచి వచ్చింది, నీకంటే అయిదారేళ్ళు పెద్దదేమో. బీపీ చూపించుకుంటానని మీ మామకు చెప్పి పోయాను. "నా కోడలికి..." అని మొదలుపెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అంతా విని, "ఆ అమ్మాయిని చూడకుండా నేనేమీ చెప్పలేనండి, తీసుకురండి. సరే గానీ, మీకెలా ఉంది?" అంది.

ఒట్టు, ఆ మాట నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ముట్లు ఆగినప్పటి నుంచీ నాకూ మంటేనే. మీ మామ పక్కకు వస్తే మోకాళ్ళు లాగుతున్నాయని అటు తిరిగి పడుకుంటున్నాను. వయసైపోయింది, ఇక ఇంతే అనుకున్నాను. అదంతా ఆ పిల్ల ముందు కక్కేశాను. పరీక్ష చేసి, ముట్లు నిలిచాక లోపల పొడిబారుతుందనీ, చర్మం పలచబడుతుందనీ, అందుకే మంట అనీ చెప్పింది. రాసుకునే క్రీము ఇచ్చింది. కోడలి కోసం పోయి నేను మందు తెచ్చుకున్నాను, చూశావా.

నీ సంగతి ఏమందో రాస్తాను, జాగ్రత్తగా చదువు. మొదట్లో ఒకటి రెండుసార్లు ఇబ్బందిగా ఉండొచ్చట. కానీ మళ్ళీ మళ్ళీ నొప్పి వస్తుంటే, ఆ భయంతో మొగుడికి దూరంగా జరుగుతుంటే, అది ఓర్చుకోవలసింది కాదు, చూపించుకోవలసింది. ఇన్ఫెక్షన్ కావచ్చు, పొడిదనం కావచ్చు, కండరాలు బిగుసుకోవడం కావచ్చు, గర్భసంచి పక్కన ఏదైనా కావచ్చు. దేని మందు దానిది. తర్వాత రక్తం కనబడినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా, జ్వరంతో పొత్తికడుపులో నొప్పి వచ్చినా ఒక్కరోజు కూడా ఆగకూడదంది. ముట్లు ఆగిన నా వయసువాళ్ళకు మళ్ళీ రక్తం కనబడినా అంతే.

కలిసి పెరిగినందువల్ల వస్తుందా అని కూడా అడిగాను. "మేనరికం వాళ్ళూ వస్తారు, ప్రేమించి చేసుకున్నవాళ్ళూ వస్తారు, పెళ్ళిలోనే మొదటిసారి చూసుకున్నవాళ్ళూ వస్తారండీ. నొప్పికి చుట్టరికంతో పనిలేదు," అంది. ఆ ప్రీతిని నా దగ్గరికి పంపు.

ఆరో తేదీ బుధవారానికి నీ పేరు రాయించాను. ఆడిలో కొత్త పనులు మొదలుపెట్టకూడదని మీ అమ్మ అంటుంది. నొప్పికి ఆడీ ఆవణీ తెలుసా అని అడుగు. ఇక అన్నయ్య సంగతి. రావద్దని చెప్పాను, ఎందుకని అడిగితే మాట మార్చాను. "ఏమో దాస్తా ఉండావు. తప్పక పోతా," అని పట్టుబట్టాడు. నా కొంప నేనే ముంచుకున్నాను. ఎలాగో సర్దుకో.

నీ మేనత్త,
అలమేలు

—

మాధవరం,
4 ఆగస్టు 2025

అత్తా,

సర్దుకోలేదు. చెప్పేశాను. నేనేనా అని ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

నిన్న పదకొండింటికి పెదనాన్న దిగాడు. వెనక బావ, చేతిలో మల్లెపూల పొట్లం, ఎవరికివ్వాలో తెలియక అమ్మకిచ్చాడు. అమ్మ పులిహోర, కొబ్బరన్నం, పెరుగన్నం చేసింది. ఆకులు తీశాక పెదనాన్న కుర్చీ హాలు మధ్యకు లాక్కున్నాడు. నాన్న గోడకు ఆనుకున్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నావైపు చూసి "నోరెత్తకు" అన్నట్టు తల ఊపింది.

"ఏమ్మా జననీ, ఏమి కొరత? వీడు తాగతాడా?"

"లేదు పెదనాన్నా."

"కొట్టినాడా? ఇంకెవరన్నా ఉండారా?"

"లేదు."

"అప్పుడు నీకే ఇష్టం లేదా? ఉన్నట్టు చెప్పు, పరవాలే. పిల్లోడిని పూణేకి పంపి, మెల్లిగా ఒక తీర్మానం చేస్తాము."

బావ నేల చూస్తున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను నోరు మూసుకుంటే ఆ మాటే నిజమైపోతుంది కదా అనిపించింది. లేచి నిలబడ్డాను.

"నాకు ఇష్టమే పెదనాన్నా. చానా ఇష్టం. నాకు నొప్పి. పెళ్ళైనప్పటి నుంచి నొప్పి. ఈయనకు నేను చెప్పలేదు. బుధవారం డాక్టర్ దగ్గరికి పోతా ఉండా. అంతే."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న ఉన్నట్టుండి కిటికీ రెక్క సరిచేయడం మొదలుపెట్టాడు. పెదనాన్న నన్ను చూశాడు, బావను చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"డాక్టర్ దగ్గరికి పోయేదానికి నన్నెందుకురా పిలిచినారు?" అన్నాడు. ఇంకాస్త పులిహోర ఉందా అని అమ్మను అడిగాడు. అత్తా, నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది.

బావ నా వెనకే పెరట్లోకి వచ్చాడు.

"నొప్పా? నన్ను చూస్తే గిట్టక కాదా?"

"నిన్ను చూస్తే ఎందుకు నొప్పి వస్తుంది?"

"నేను నీకు నచ్చలేదేమో, ఆ మాట చెప్పలేక తలనొప్పి అంటా ఉండావేమో అనుకున్నా. ఎన్ని రోజులు అనుకున్నానో తెలుసా?" అని అక్కడే బట్టలుతికే రాయి మీద కూర్చుని ఏడ్చాడు. మొగవాడు అట్ల ఏడవడం నేను చూడలేదు. నేనూ పక్కన కూర్చున్నాను. ఆడి నెలలో అల్లుడు రాకూడదంటూనే అమ్మ మా ఇద్దరికీ కాఫీ పెట్టి తెచ్చింది. బుధవారం తనూ వస్తానన్నాడు.

జనని

—

తొండియార్‌పేట,
5 ఆగస్టు 2025

బంగారు తల్లీ,

నీ ఉత్తరం ఇవ్వడానికి మీ నాన్న వస్తే వాడిని కూర్చోబెట్టి దోసెలు పోశాను, అంత సంతోషంగా ఉంది. ఏమీ తెలియనట్టు తిన్నాడు. పోయేటప్పుడు మాత్రం, "అక్కా, బుధవారం నువ్వూ దాని జతకు ఉండు," అన్నాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి.

నీ ఉత్తరం ఇచ్చిన ఊపులో నేనూ మీ మామకు చెప్పేశాను. తిరువేంగడం గారు, ముప్ఫై ఏళ్ళుగా నోట్లోంచి నాలుగు మాటలు రాల్చని మనిషి, విని విని ఏమన్నాడో తెలుసా? "అయ్యో, నీ మోకాళ్ళకని ఎన్ని తైలాలు తెచ్చినానే, పిచ్చిదానా." ఇద్దరం నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాం.

రేపు డాక్టరు దగ్గర సిగ్గుపడి ఏదీ మింగకు. నేను బయట బెంచీ మీద ఉంటాను. నువ్వు పిలిస్తేనే లోపలికి వస్తాను. నాకు అది ఎంత కష్టమో నీకు తెలుసు.

అలమేలు

—

మాధవరం,
8 ఆగస్టు 2025

అత్తా,

మొన్న బెంచీ మీద నిన్ను చూసి ఏమీ చెప్పలేక వాటేసుకొని వచ్చేశాను. ఈ రెండు రోజులూ మాటలు కూడదీసుకున్నాను. ఇప్పుడు అన్నీ రాస్తాను.

డాక్టరమ్మ ముందు నన్ను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగింది. ఎప్పటి నుంచి, మొదట్లోనా లోపలికి పోయాకా, మంటా పోటా, ముట్టు నొప్పి ఎలా ఉంటుంది, ఇంట్లో ఎవరైనా బలవంతపెడుతున్నారా, ఇవన్నీ. నేను ఒక్కొక్కటీ చెబుతుంటే తను రాసుకుంటూ పోయింది, ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. పరీక్ష చేసే ముందు, "నువ్వు ఆపమంటే ఆపేస్తాను. సగంలో అయినా సరే," అంది. నేను రెండుసార్లు ఆపమన్నాను. రెండుసార్లూ ఆపింది. మూడోసారి ఆపమనాలనిపించలేదు.

మొదట్లో నాకు చిన్న ఇన్ఫెక్షన్ వచ్చి ఉంటుందట, అది పూర్తిగా తగ్గలేదు. ఆ మంటకు భయపడి కింది కండరాలు తమంతట తామే బిగుసుకోవడం నేర్చుకున్నాయట. "కంట్లో నలుసు పడబోతే రెప్ప మూసుకోదా? నువ్వు మూయమని చెప్పావా? ఇదీ అంతే. నీకు మీ ఆయన ఇష్టం లేక కాదు," అంది. అప్పుడు బావను లోపలికి పిలిపించమన్నాను. ఆ చివరి మాట ఆయన ముందు ఇంకోసారి చెప్పమని అడిగాను. చెప్పింది. బావ నా చేయి పట్టుకున్నవాడు ఇంటికి వచ్చేదాకా వదల్లేదు, బండి నడపాలి వదులు అంటే తప్ప.

ఇన్ఫెక్షన్‌కు మందు ఇచ్చింది. కండరాలు వదులు చేయడం నేర్పడానికి ఒక ఫిజియోథెరపీ ఆవిడ ఉంది, వారానికి ఒకసారి పోవాలి. ఊపిరి ఎలా వదలాలో, నా అంతట నేను కొంచెం కొంచెంగా ఎలా అలవాటు చేసుకోవాలో ఆవిడ నేర్పుతుంది. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. అంతవరకూ కలయిక మాటే వద్దంది. దగ్గరగా ఉండండి, ఆ ఒక్కటీ పక్కన పెట్టండి, నొప్పి అనిపిస్తే ఆ క్షణమే చెప్పు, అతను ఆ క్షణమే ఆగాలి అంది. బావ పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా తల ఊపాడు. చాలామందికి తగ్గిపోతుందని కూడా చెప్పింది.

అమ్మ నిన్న నా జడ వేసి, విప్పి, మళ్ళీ వేసింది. తర్వాత, "నాకూ అట్లే ఉండె. నన్ను ఎవరు పిల్చుకొని పోయినారు?" అంది. వచ్చే బుధవారం అమ్మను కూడా తీసుకుపోతున్నాను. వద్దంటూనే చీర తీసి పెట్టుకుంది.

పూణే వాళ్ళకు బావ ఈరోజు పొద్దున కాదని రాసేశాడు. నా కోసం మానుకోవద్దు, మంచి పని అయితే ఇద్దరం పోదామన్నాను. "పని కోసం ఎవరు పోతా ఉండారు? నీకు నేను అడ్డం అనుకొని పోదామని చూసినా," అన్నాడు.

నొప్పి ఇంకా పోలేదు అత్తా. నిన్న ఫిజియోథెరపీ ఆవిడ దగ్గర కూడా వచ్చింది. వచ్చిందని గట్టిగా చెప్పాను. మందులు వేసుకుంటున్నాను, పాత భయం రోజుకోసారి వచ్చి పలకరించి పోతోంది. అయినా క్యాలెండరు ముందు నిలబడి ఆవణి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. బావ దగ్గరికి పోవాలని ఉంది.

జనని